పట్టుకున్నా

“చాలా బాగా చేయిస్తున్నారమ్మా! చూడండి, చెయ్యి ఎంత తేలిగ్గా వస్తోందో,” అంది డాక్టరమ్మ.

వదిన గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఆ చేతిని ఆమె ఒక్క రోజు ఎత్తబోయింది, అంతే. ఆ తర్వాత దాని జోలికే పోలేదు.

బల్ల మీద వెల్లకిలా పడుకున్నది ఆమె భర్త, మేస్త్రి. ఆయన కుడిచెయ్యి డాక్టరమ్మ చేతుల్లో ఉంది. ఒక అరచెయ్యి మోచేతి కింద, ఇంకోటి మణికట్టు దగ్గర. ఆవిడ నెమ్మదిగా ఎత్తుతుంటే చెయ్యి మారాం చెయ్యకుండా లేస్తోంది. భుజం ఎత్తుకి వచ్చింది, ఇంకాస్త పైకి కూడా వెళ్ళింది. మేస్త్రి మొహంలో నొప్పి జాడ లేదు. పైకప్పు వంక చూస్తూ, “చెమ్మ ఆరకుండానే రంగు కొట్టేశారు. వానలొస్తే పెచ్చులు లేచిపోతాయి,” అన్నాడు. భుజంలో తెగిన కండరాన్ని కుట్టించుకుని వచ్చి పడుకున్నా, రంగుల మేస్త్రి కళ్ళు గోడల మీదే ఉంటాయి.

నిజానికి డాక్టరమ్మ డాక్టరు కాదు. ఆపరేషన్లయిన వాళ్ళకి వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు. అంత పొడుగు మాట నోరు తిరక్క అందరూ డాక్టరమ్మా అంటారు. ఆ మాటకొస్తే వదిన కూడా ఒక్క మరిదికే వదిన. వాడు పిలవడం విని పక్కింటివాళ్ళూ, వాళ్ళని విని వీధి మొత్తమూ, చివరికి ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టిన మరిది మొహం మాత్రం ఆమె, భర్త ఆపరేషన్‌కి ముందునుంచీ చూడడం లేదు. చూడనని ఒట్టు పెట్టుకుంది.

చెయ్యి ఎందుకు ముట్టుకోలేదంటే, భయం. ఆస్పత్రినుంచి పంపేటప్పుడు పెద్ద డాక్టరు, “చెయ్యి కదపకూడదు, మేస్త్రీ,” అన్నాడు. కొన్నాళ్ళకి ఇక్కడికొస్తే ఈవిడ, “చెయ్యి కదలాలి,” అంది. వదిన ఆ రోజే నిలదీసింది. “ఆయనేమో కదపకూడదంటారు, మీరేమో కదలాలంటారు. ఎవరి మాట వినాలండీ మేం?”

“ఇద్దరి మాటా ఒకటేనమ్మా. చెయ్యి కదలాలి. కానీ మీ ఆయన కదపకూడదు. మీరు కదపాలి. ఆయన భుజానికి ఏ పనీ ఉండకూడదు,” అని నవ్వింది డాక్టరమ్మ.

ఇంటికెళ్ళాక వదిన భయపడుతూనే మెడకి వేలాడే స్లింగు విప్పి చెయ్యెత్తబోయింది. జానెడు లేచిందో లేదో లోపల ఎక్కడో టక్కుమంది. మేస్త్రి కెవ్వుమన్నాడు. అంతే, ఆమె చెయ్యి తీసుకెళ్ళి స్లింగులో పెట్టేసి, దానితో ఇచ్చిన నడుం దగ్గరి దిండు సర్ది, పట్టీ బిగించేసింది. స్నానానికి తప్ప మళ్ళీ విప్పలేదు. డాక్టరమ్మ అడిగినప్పుడల్లా మాత్రం, “చేయిస్తున్నానండీ,” అని తల ఊపింది. బడి ఎగ్గొట్టిన పిల్ల కూడా అంత ధీమాగా చెప్పదు.

ఇప్పుడు ఆ అబద్ధానికి ఫలితంగా తిట్లు రావాలి. మెచ్చుకోలు వస్తోంది.

“ఇవాళ ఇంకాస్త పైకి ఎలా తీసుకెళ్ళాలో నేర్పుతాను. ముందు మీరు రోజూ చేయించేది ఒకసారి చేసి చూపించండి,” అని డాక్టరమ్మ పక్కకి జరిగింది.

వదిన భర్త వంక చూసింది. మేస్త్రి పైకప్పు మీది చెమ్మ మచ్చలు లెక్కపెడుతున్నాడు.

చేసేది లేక వదిన మోచేతి కింద చెయ్యి పెట్టింది. ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుంది. “వదిలెయ్యండి,” అంది.

ఆ మాట అనడమే ఆలస్యం, భుజం మెడ దాకా బిగుసుకుపోయింది. ఇందాక డాక్టరమ్మ చేతుల్లో మెత్తగా ఉన్న చెయ్యే ఇప్పుడు గొళ్ళెం వేసిన తలుపులా ఉంది. మేస్త్రి నుదుటి మీద చెమట పట్టింది.

“వదిలెయ్యండీ. నేను పట్టుకున్నాగా, వదిలెయ్యండి!”

అన్నకొద్దీ బిగుస్తోంది.

“ఆపండమ్మా,” అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో నవ్వు లేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఇన్నాళ్ళూ చేయిస్తున్నది మీరు కాదు.”

వదిన నేల చూపులు చూసింది.

“తమ్ముడండీ,” అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ ఆ మాటలో వింతేమీ చూడలేదు. వింతంతా వదినకే కనబడింది, చూడనని ఒట్టు పెట్టుకున్న మొహం ఈ గదిలోకి వచ్చి నిలబడ్డట్టయింది.

“ఎవరైతే నాకేంటండీ, చెయ్యి బాగా వస్తోంది. ఈ చిరుగు చిన్నది, కుట్టు గట్టిగా నిలిచింది కాబట్టి మీ పెద్ద డాక్టరు త్వరగా మొదలుపెట్టమన్నారు. చిరుగు పెద్దదైతే ఇంకా ఆగమనేవారు, అది మనిషిని బట్టి ఉంటుంది. మొదలుపెట్టాక ఇక మధ్యలో మానకూడదు. మానితే భుజం బిగుసుకుపోతుంది. అలాగని తొందరపడి ఆయన సొంతంగా చెయ్యెత్తాడంటే కుట్టు తెగుతుంది. ఇంకొన్ని వారాలు ఈ రెండింటి మధ్యా నడవాలి.” ఆవిడ వదిన భుజం మీద చెయ్యి వేసింది. “మీరూ నేర్చుకోండమ్మా. ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు. దించేటప్పుడే ఆదమరుస్తారు. చెయ్యి దిండు మీద పూర్తిగా ఆనేదాకా మీ చేతులు తియ్యకండి. మధ్యలో జారితే ఆయన భుజం ఉలిక్కిపడి దాన్ని పట్టుకోబోతుంది. ప్రమాదమంతా అక్కడే.”

వదిన తల ఊపింది. ఈసారి ధీమా లేదు.

బస్సులో వదిన భర్త కుడివైపు అడ్డంగా నిలబడి, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆ భుజానికి తగలకుండా కాపలా కాసింది. కుదుపు వచ్చినప్పుడల్లా స్లింగు కింద చెయ్యి పెట్టింది. కోపం కోపమే, కాపలా కాపలాయే. దిగబోతుంటే మేస్త్రి, “మెట్టు ఎత్తుగా ఉంది, చూసుకో,” అన్నాడు.

“నా సంగతి నేను చూసుకుంటా. మీ సంగతి చూసేవాళ్ళు వేరే ఉన్నారుగా,” అంది.

వీధి మొదట్లో ఇస్త్రీ ఆవిడ, “ఏం వదినా, మేస్త్రికెలా ఉంది?” అని పలకరించింది. “దివ్యంగా ఉంది,” అని వదిన ఆగకుండా నడిచింది. ఆ దివ్యం ఎలాంటిదో ఇస్త్రీ ఆవిడకి అర్థమై ఇంకేమీ అడగలేదు.

ఇంట్లోకి వెళ్ళి భర్తని మంచం మీద కూర్చోబెట్టి, వీపు వెనక రెండు దిళ్ళు పెట్టి, స్లింగు సరిచేసి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు మొదలుపెట్టింది.

“ఎన్నాళ్ళనుంచి?”

“నువ్వు మానేసిన మర్నాటినుంచి.”

“రోజూనా?”

“నువ్వు ఫ్యాక్టరీకి వెళ్ళాక వస్తాడు. టీ పెట్టుకుంటాడు. డాక్టరమ్మ చూపించింది నేను చెప్తే, అలాగే చెయ్యి చేయించి పోతాడు.”

బ్రెడ్డు ఫ్యాక్టరీలో వదినది ప్యాకింగు పని. మధ్యాహ్నం దాటితే గానీ ఇల్లు చేరదు. తిరిగొచ్చేసరికి రోజూ గట్టు మీద టీ కప్పు కడిగి బోర్లించి ఉండేది. అది ఆమె పెట్టే చోట కాదు, కుళాయికి అటుపక్క. పాపం ఒంటిచేత్తో కడుక్కుంటున్నాడని ఆమె మురిసిపోయింది.

“ఎడంచేత్తో కప్పు కడగడం నేర్చుకున్నారని ప్యాకింగులో అందరికీ చెప్పాను కదండీ! మా ఆయనకి ఎంత పట్టుదలో అని చెప్పాను! నేనొక్కదాన్నే అబద్ధం చెప్తున్నానని డాక్టరమ్మ దగ్గర సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మీరిద్దరూ కలిసి ఇంత నాటకం ఆడతారా?”

“చెప్తే వాణ్ణి రానిచ్చేదానివా?”

“రానిచ్చేదాన్ని కాదు.”

“మరి?”

“మరేమిటి మరి! వాడికి చెయ్యిచ్చారు, నాకూ చెయ్యిచ్చారు. రెండూ ఒకేసారి. మీలాంటి గడుసువాళ్ళని ఎక్కడా చూళ్ళేదు!”

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి మేస్త్రి పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు పెదవి చివర కదిలి ఆగిపోయింది.

“లప్పం పెట్టాక ఏం చేస్తాం?” అన్నాడు. గోడల గతుకులు పూడ్చే లప్పం గురించి ఆయన వంటింటి విషయం మాట్లాడినట్టు మాట్లాడతాడు. “పచ్చిగా ఉండగా రుద్దితే ఊడి చేతికొస్తుంది. మరీ ఎండాక రుద్దితే రాయి. దానికో అదనుంటుంది. నీకు భయం తగ్గేదాకా అది ఆగదు. నీ కోపం తగ్గేదాకా అసలే ఆగదు. ఈ చెయ్యి పైకి లేవకపోతే నేనెందుకు పనికొస్తానే? నడుం ఎత్తు దాకా రంగులేసే మేస్త్రిని ఎవడు పిలుస్తాడు?”

వదినకి ఆ మాట గుచ్చుకుంది. రాత్రుళ్ళు తనకి నిద్ర పట్టనివ్వని మాటే అది. అయినా తగ్గలేదు.

“అందుకని నిచ్చెన వదిలేసి పోయినవాడి చేతుల్లో పెడతారా? పట్టుకోరా అని నమ్మి మీరు పైకెక్కితే, ఇంటి ఓనరమ్మ పిలిచిందని వదిలేసి వెళ్ళాడు. కింద పరిచిన ప్లాస్టిక్ కాగితం మీద నిచ్చెన జారింది. మెట్ల కమ్మీ అందబట్టి భుజంతో పోయింది, లేకపోతే తల పగిలేది. ఇవన్నీ మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు. మీరు ఆ కమ్మీకి వేలాడుతూ అరిచిన అరుపు పక్క వీధిలో విన్నవాళ్ళున్నారు!”

మేస్త్రి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆ సంగతి ఎత్తినప్పుడల్లా అంతే. నొప్పి గుర్తొచ్చి మాట రాదనుకుంటుంది వదిన. అందుకే ఆ విషయంలో ఆయనకి రావలసిన కోపం కూడా తనే తెచ్చుకుంటూ వచ్చింది.

పెరటి గోడకి ఆ నిచ్చెన ఇప్పటికీ ఆనించి ఉంది. దాని మీద ఆమె తడిబట్టలు ఆరేస్తోంది. కిటికీలోంచి కనబడుతున్న దుప్పటిని చూస్తూ గొంతు తగ్గించి అడిగింది.

“వాడి చేతికి వచ్చే చెయ్యి నా చేతికెందుకు రాదు?”

మేస్త్రి తలెత్తాడు.

“నీ తప్పేం కాదు. నువ్వు ఆ మాట అంటావు…”

“ఏ మాట?”

ఆయన జవాబిచ్చేలోపు వెనక తలుపు మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టిన చప్పుడైంది. కొట్టినవాడు తలుపు తెరవమని అడగలేదు, తనే తోసుకుని లోపలికొచ్చాడు. “అన్నా, ఇవాళ లేటైంది. డాక్టరమ్మ ఏమంది?” అంటూ వంటగది దాటి, గుమ్మంలో, ఫ్యాక్టరీకి వెళ్ళి ఉంటుందనుకున్న వదినని చూసి ఆగిపోయాడు.

ఎప్పుడూ రంగు చుక్కలతో తిరిగే మనిషి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు. భుజాన సంచీ ఉంది.

“రా, చిన్నోడా,” అంది వదిన. “వెనక తలుపు నీకు బాగా అలవాటైందటగా. కప్పు ఎక్కడుంటుందో నాకన్నా నీకే ఎక్కువ తెలుసట.”

చిన్నోడు అన్న వంక చూశాడు. అన్న తల వంచుకున్నాడు. జరగాల్సింది జరిగిపోయిందని వాడికి అర్థమైంది.

“తప్పే వదినా. చెప్పి రావలసింది.”

“చెప్పినా రావలసింది కాదు.”

“సరే. ఇంక రాను. ఆ మాట చెప్పడానికే వచ్చా.” సంచీ భుజం మార్చుకున్నాడు. “వేరే ఊరెళ్తున్నా. కొత్త స్కూలు కడుతున్నారు, రంగుల పని. వానలు పడేదాకా అక్కడే.”

మేస్త్రి దిళ్ళ మీదనుంచి ముందుకు వంగాడు. “అదేంట్రా! ఇక్కడ మన చేతిలో పనులున్నాయిగా? మిగతావాళ్ళని పెట్టి చేయించమన్నానుగా?”

“ఎవడొస్తాడన్నా? నేను నిచ్చెన పట్టుకుంటానంటే ఎవడూ ఎక్కడం లేదు. మొన్న పనిలోకి వెళ్తే, అదుగో వదిలేసినోడు వచ్చాడురోయ్ అని ఒకడు పైనుంచి అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో.” వాడు ఇప్పుడు కూడా నవ్వబోయాడు. “పేరు పడిపోయింది. ఓనర్లు కూడా ఆ పేరుతోనే అడుగుతున్నారు. కొత్త ఊళ్ళో అయితే ఎవరికీ తెలీదు.”

వదినకి లోపల ఎక్కడో కలుక్కుమంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో వీడు తన కొంగు పట్టుకుని వెంట తిరిగిన పిల్లాడు. ఆ జాలి పూర్తిగా పైకి రాకముందే కోపం దాన్ని నొక్కేసింది.

“ఉన్నమాటే కదా అన్నారు,” అంది.



చిన్నోడు అన్న వంక చూశాడు. మామూలుగా చూడాల్సినదానికన్నా కాస్త ఎక్కువసేపే చూశాడు. మేస్త్రి ఎడంచెయ్యి దుప్పటి అంచుని ముడి చేసి పట్టుకుంది. ఆయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. చూపు వెళ్ళి ఎదురుగోడ మీద పడింది, ఆ గోడలో ఇప్పుడే కొత్తగా చూడాల్సిందేదో ఉన్నట్టు.

“మీరిద్దరూ ఏమిటలా చూసుకుంటారు?” అంది వదిన.

“ఏం లేదు వదినా,” అన్నాడు చిన్నోడు. సంచీ కింద పెట్టి మంచం దగ్గరికొచ్చాడు. “నన్ను తిట్టడం ఎలాగూ ఉంది, తర్వాత తిట్టుకో. ముందు ఇది చూడు. ఇకనుంచి నువ్వే చెయ్యాలి, మానకూడదు. నీ కుడిచెయ్యి ఇక్కడ, మోచేతి కింద. వేళ్ళతో నొక్కకు, అరచేతిలో ఆనించుకో. ఎడంచెయ్యి ఇక్కడ. ఎత్తేముందు వదిలెయ్ అనకు. ఆ మాట వింటే అన్న బిగుసుకుపోతాడు.”

“డాక్టరమ్మ కూడా అదే అంటుందిగా?”

“డాక్టరమ్మ గొంతు వేరు. మనింట్లో వాళ్ళ గొంతుతో వినబడితేనే బిగుస్తాడు. మా పనిలో ఒక అలవాటుంది. పైకెక్కేవాడు కాలు పెట్టేముందు, కిందున్నవాడు పట్టుకున్నా అనాలి. ఆ మాట చెవిన పడకుండా అన్న మొదటి మెట్టు కూడా ఎక్కడు. నేను రోజూ అదే అంటా. అనగానే చెయ్యి వచ్చేస్తుంది. నువ్వూ అదే అను.”

“ఆ రోజు కూడా అన్నావా, పట్టుకున్నా అని?”

“అన్నాను.”

“అని?”

చిన్నోడు వంగి అన్న స్లింగు పట్టీ సర్దాడు. మేస్త్రి గోడ మీదినుంచి చూపు తిప్పలేదు. వదిన దాన్ని తన గెలుపే అనుకుంది.

చిన్నోడు సంచీ తీసుకున్నాడు. “అన్నా, చెయ్యి జాగ్రత్త. నొప్పి తగ్గిందని నువ్వే ఎత్తబోకు. వదినా, వెళ్ళొస్తా.”

“వెళ్ళు,” అంది వదిన. “రావడం ఎందుకు?”

ఎవరైనా వెళ్ళొస్తా అంటే వెళ్ళిరా అనాలి. శత్రువుకైనా అంటారు. చిన్నోడు ఆ రెండో మాట కోసం గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు, రాకపోయేసరికి చెప్పులు వేసుకుని ఈసారి ముందు తలుపులోంచే వెళ్ళాడు.

వదిన గ్లాసు తీసింది, మళ్ళీ అక్కడే పెట్టింది. మేస్త్రి స్లింగు వంక చూసుకున్నాడు.

“ఇవాళ్టిది ఇంకా చెయ్యలేదు.”

“తెలుసు.”

“నీకు భయమైతే రేపు డాక్టరమ్మ దగ్గరికే వెళ్దాం.”

“భయం లేదు, ఏం లేదు. పడుకోండి.”

భయం ఉంది. అయినా వెనక దిళ్ళు తీసేసి ఆయన్ని పడుకోబెట్టింది. పక్కన ఒక దిండు సర్ది, స్లింగు పట్టీ విప్పింది. చిన్నోడు చూపించినట్టే కుడి అరచెయ్యి మోచేతి కింద ఆనించింది. ఎడంచెయ్యి మణికట్టు దగ్గర పెట్టింది.

“పట్టుకున్నా,” అంది. తన గొంతే తనకి కొత్తగా, సిగ్గుగా అనిపించింది.

భుజం కదలలేదు.

“అంత మెల్లగా అంటే పైనున్నవాడికెలా వినబడుతుంది?” అన్నాడు మేస్త్రి కళ్ళు మూసుకుని.

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఊపిరి పీల్చుకుంది.

“పట్టుకున్నా!”

అప్పుడు వచ్చింది చెయ్యి. మెడ దగ్గర బిగువు సడలింది, తర్వాత భుజం, తర్వాత మోచెయ్యి. మొత్తం బరువు ఆమె అరచేతుల్లోకి దిగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెయ్యి ఇంత బరువుంటుందని ఆమెకి తెలీదు. రంగు డబ్బాలు మోసిన చెయ్యి, పైకప్పులు తుడిచిన చెయ్యి, నిద్రపోయిన పసిబిడ్డలా వచ్చి చేతుల్లో పడింది. ఆమె కళ్ళు చెమర్చాయి. నెమ్మదిగా ఎత్తింది. టక్కుమనలేదు. కెవ్వుమనలేదు. ఛాతీ ఎత్తు దాటింది.

బయట వీధిలో కిక్కు చప్పుడు. చిన్నోడి స్కూటరు. ఆ పాత బండి ఒక పట్టాన స్టార్టవదు, పక్కకి వంచి, బతిమాలి, తిట్టి తొక్కితే గానీ.

“వస్తోందండీ,” అంది వదిన. “నా చేతికీ వస్తోంది.”

“వాడు వదిలెయ్యలేదే,” అన్నాడు మేస్త్రి.

“ఏమిటి?”

“నిచ్చెన. వాడంతట వాడు వదిలెయ్యలేదు.” కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు. తెరిస్తే చెప్పలేడు. “ఓనరమ్మ పిలుస్తోందన్నా, అన్నాడు. వదిలెయ్, అన్నాను. ఆవిణ్ణి పట్టించుకోకు అని నా ఉద్దేశం. వాడికి నిచ్చెన వదిలెయ్ అని వినబడింది. పైనుంచి మేస్త్రి చెప్పాడు, వాడు చేశాడు. ఆ మాట అన్నది నేను.”

వదిన చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి.

“ఆస్పత్రిలో… అందరి ముందూ వాణ్ణి అన్నేసి మాటలన్నానే. మీరక్కడే ఉన్నారుగా.”

“ఉన్నాను. కళ్ళు మూసుకున్నాను. నొప్పనుకున్నావు నువ్వు.”

“తర్వాతైనా చెప్పొచ్చుగా!”

“రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నా. ఒకసారి ఊరుకున్నాక నోరు పెగల్లేదు. నా మాట వల్లే నేను పడ్డానని నా కింద పనిచేసేవాళ్ళకి ఎలా చెప్పను? వాడు చెప్తాడేమో, అప్పుడు ఒప్పుకుందామనుకున్నా. వాడు చెప్పలేదు. నేను చెప్తానని చూశాడు. ఇందాక కూడా చూశాడు.”

బయట మళ్ళీ కిక్కు. ఇంజను దగ్గి ఆగిపోయింది.

ఉన్నమాటే కదా అన్నారు. రావడం ఎందుకు. తను అన్న మాటలు తన చెవిలోనే మోగాయి. వాడు గుమ్మంలో నిలబడ్డ ఆ ఒక్క క్షణం కళ్ళ ముందు కనబడింది. పరిగెత్తాలి. ఈ చెయ్యి ఇక్కడే పడేసి పరిగెత్తాలి. పడేస్తే తెలిసొస్తుంది ఈయనకి. ఒళ్ళంతా మండిపోతోంది, చేతులు ఆ చేతిని విసిరికొట్టమంటున్నాయి.

చెయ్యి గాల్లో ఉంది. దాని బరువంతా ఆమె మీద ఉంది.

“చిన్నో…” అని కేక పెట్టబోయింది. ఆ గొంతుకి ఆమె అరచేతిలోని మోచెయ్యి ఉలిక్కిపడింది, భుజం బిగుసుకోబోయింది. మేస్త్రి పళ్ళు బిగబట్టాడు. ఆమె నోరు మూసేసుకుంది.

“పట్టుకున్నా,” అంది. కన్నీళ్ళు చుబుకం దాటి ఆయన చొక్కా మీద పడుతున్నాయి. “పట్టుకున్నా. బిగించకండి.”

దించడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చెప్పినంత నెమ్మదిగా. కిక్కు. ఛాతీ ఎత్తు. కిక్కు. ఇంకాస్త కిందికి. వీధిలో ఎవరో, “ఎక్కడికోయ్ సంచీతో?” అని అడుగుతున్నారు. చిన్నోడేదో అంటున్నాడు. ఇంకాసేపు మాట్లాడరా, నాయనా, ఇంకాసేపు నిలబడరా అనుకుంది మనసులో.

“వాణ్ణి ఆపవే,” అన్నాడు మేస్త్రి. కళ్ళు తెరిచాడు. “నా చెయ్యి పోతే పోయింది. వదిలెయ్.”

ఆ మాట మళ్ళీ ఆయన నోట్లోంచే వచ్చింది.

వదిన వదల్లేదు.

బయట స్కూటరు ఈసారి అందుకుంది. ఒక్క క్షణం అక్కడే గుర్రుగుర్రుమంది, తర్వాత కదిలింది, ఇస్త్రీ బండి దాటి వీధి మలుపు వైపు వెళ్ళసాగింది. చెయ్యి దిండుకి ఇంకా జానెడు పైన ఉంది.